మూడు కాళ్ళ తాబేలు కూర్మమ్మది

కూర్మమ్మ అజ్ఞాత కాదు. నౌపడ స్టేషనులో దిగి, ఉప్పుమడుల గట్టు వెంట తూర్పుకు నడిచి, సముద్రపు ఒడ్డున ఉన్న పేటలో ఎవరిని అడిగినా ఆమె ఇల్లు చూపిస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె తపాలాలో పంపిన ప్రతి కార్డు మీద, ఎడమ మూలన, పేరు, పేట, మండలం, పిన్‌కోడు ఉన్నాయి. అయినా గత ఏడాది విజయనగరంలో ఒక ప్రదర్శన కోసం వేసిన పుస్తకంలో, ఆమె చేసిన బొమ్మ కింద అచ్చయిన మాట ఇది: “అజ్ఞాత జానపద కళాకారులు.” చదవడం వచ్చినవాళ్ళు రాసిన మాట. చిరునామా చూసి రాసిన మాట. కాబట్టి దాన్ని పొరపాటు అనడానికి నేను ఒప్పుకోను.

కూర్మమ్మ ఎండుచేపల వ్యాపారి. భర్త అసిరయ్య వేటకు వెళ్తాడు. అతను తెచ్చిన నెత్తళ్ళు, కవళ్ళు ఇసుకలో ఎండబెట్టి, గంపలకెత్తి, రైల్లో విజయనగరం దాకా తీసుకెళ్ళి ఆమె అమ్ముతుంది. పేట ఆడవాళ్ళందరి గంపలూ ఒకే ఆటోలో స్టేషనుకు చేరతాయి, ఒకే రైలుపెట్టెలో ఎక్కుతాయి. కలిసిపోకుండా ఎవరి గంప మీద వాళ్ళ గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకు పేటలో ఒక చట్టం ఉంది. వ్యాపారం మొదలుపెట్టిన ఆడది తన గుర్తును తానే కోసుకోవాలి. అమ్మది వాడకూడదు, అత్తది వాడకూడదు. ఒకరి గుర్తును ఇంకొకరు తమ సరుకు మీద వేస్తే, ఆ సరుకు గుర్తు గల మనిషిదే అవుతుంది. పంచాయితీ ఉండదు, వాదన ఉండదు. “గుర్తు ఎవరిదో సరుకు వాళ్ళది” అంటారు, అంతే. తన గుర్తును అమ్ముకున్న ఆడది మాత్రం వ్యాపారం మానుకున్నట్టు లెక్క. ఇసుకలో చేపలు ఎండబెట్టుకొనే ఆమె చోటు వేరొకరికి పోతుంది.

పెళ్ళయిన కొత్తలో కూర్మమ్మ తన గుర్తును అరిగిపోయిన రబ్బరు చెప్పు మడమలో కోసింది. తన పేరులో ఉన్నదనీ, శ్రీకూర్మం స్వామి రూపమనీ తాబేలును ఎంచుకుంది. నాలుగో కాలు దగ్గరకు వచ్చేసరికి కత్తి జారి కాలు ఊడిపోయింది. మళ్ళీ కోయమని అత్త అంది. “మూడు కాళ్ళతో ఈదలేదేటి? వలలో పడి కాలు తెగినవి మన ఒడ్డుకే వస్తన్నాయి కదా, సూడ్లేదేటి?” అని కోడలు అడిగింది. పడవకు వేయగా మిగిలిన నీలం రంగులో అచ్చును అద్ది గంప మీద కొట్టింది. ఆ రోజు నుంచి మూడు కాళ్ళ తాబేలు కూర్మమ్మది.

ఆ తాబేలును మొదట చూసి ఆగిన చదువుకున్నవాడు జానకిరామయ్య. విజయనగరంలో ఫిడేలు వాయించే ఇంట పుట్టి, డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాడు. రైల్లో గంపల పెట్టెలోకి పొరపాటున ఎక్కి, దిగకుండా ఉండిపోయాడు.

“ఇది దేంతో చేశావమ్మా?”

“సెప్పుతో బాబూ,” అనేసి కూర్మమ్మ నాలుక కరుచుకుంది.

ఆయన ఆ అచ్చును అడిగి తీసుకొని, రెండు అరచేతుల్లో పెట్టుకొని, కళ్ళద్దాల దాకా ఎత్తి చూశాడు. “రెండో చెప్పు ఉందా, పారేశావా?”

“ఉన్నాది. ఎందుకు బాబూ?”

“పారేయకు. దాంట్లో ఇంకో బొమ్మ ఉంది.”

పెట్టెంతా నవ్వింది. “ఒసే కూర్మమ్మా, మాస్టారు నీ సెప్పులకి మొక్కుతన్నారే! కాళ్ళు కూడా సాపు, ఒక దణ్ణం పెట్టేత్తారు!” అని తోటికోడలు నీలవేణి కేక వేసింది. మాస్టారు కూడా నవ్వి, సంచిలోంచి ఖాళీ కార్డు తీసి, అచ్చు వేసి పేరూ చిరునామా రాసి ఇమ్మన్నాడు. అయిదో తరగతి చదువు కాబట్టి అక్షరాలు పెద్దవిగా వచ్చాయి. కార్డు సగం చిరునామాకే సరిపోయింది.

మాస్టారు నడిపిన ఆ బృందం పేరు బొమ్మల టపా. ఎవరి బొమ్మ వాళ్ళు గీసి, అతికి, కుట్టి, అచ్చువేసి తపాలాలో పంపుకుంటారు. అందుకున్నవాళ్ళు దానికి తమ వంతు కలిపి ఇంకొకరికి పంపుతారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే నరసింగరావు గోనె పీచు అతికేవాడు. పొందూరులో నూలు వడికే పద్మకుమారి సన్నని దారంతో కుట్టేది. ఒడిశాలో ఒక బడిపంతులు, పోలండులో ఒక నర్సు ఉండేవాళ్ళు. కూర్మమ్మ తాబేలు ఈ చేతులన్నీ తిరిగింది. తిరిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు దానికి నాలుగో కాలు పెట్టేవారు. నరసింగరావు గోనె పీచు కాలు, పద్మకుమారి నూలు కాలు, పోలండు నర్సు ప్లాస్టరు కట్టిన కాలు పెట్టారు. ఆ కార్డులు ఇంటికి వచ్చినప్పుడు అసిరయ్య వాటిని ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టుకొని చూసేవాడు. “మన తాబేలుకి దేసమంతా వైద్యం సేస్తన్నారే,” అనేవాడు.

బొమ్మల టపా పంపే ప్రతి ఆహ్వానం అడుగునా మాస్టారి చేతిరాతలో మూడు మాటలు ఉండేవి. ఎంపిక లేదు. అమ్మకం లేదు. టపాలో వచ్చిన ప్రతిదీ గోడ మీదకు ఎక్కుతుంది.

ఈ బృందం మారిందంటే తప్పంతా కాలానిదే అనడం సోమరితనం. నిజమే, పేట దగ్గరి ఎర్ర డబ్బా తుప్పుపట్టి పోయింది, కొత్తది పెట్టలేదు. రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. ఒడిశా పంతులు పోయాక ఆయన కొడుకులు పెట్టెలకు పెట్టెల కార్డులు పాత కాగితాలవాడికి తూకానికి అమ్మేశారు. కొత్తగా చేరినవాళ్ళు తపాలా కార్డు పట్టుకోనివాళ్ళు. మాస్టారి మనవరాలు చరిత ఫోనులో ఒక గ్రూపు పెట్టి వాళ్ళను కలిపింది. మొదట్లో పాతవాళ్ళు గొణిగారు కానీ, ఆ పిల్లల్లో సగం మంది ఫోనులో చూసిన బొమ్మకు బదులు చెప్పాలని కార్డు కొనుక్కొని, తపాలా బిళ్ళ అతికించడం నేర్చుకున్నారు. అది మార్పు. దత్తాత్రేయ చేసింది మార్పు కాదు, దొంగతనం.

దత్తాత్రేయ మాస్టారి మేనల్లుడు, శిష్యుడు, ఒక కళాసంస్థకు కార్యదర్శి. మాస్టారు పోయాక కార్డుల ట్రంకుపెట్టె అతని చేతికి వెళ్ళింది. “అజ్ఞాత” అని అచ్చేసిన పుస్తకం వేయించింది అతనే. ఏది గోడకెక్కాలో ఇకపై ఒక కమిటీ నిర్ణయిస్తుందన్నాడు. కమిటీలో తానూ, తన ఇద్దరు మిత్రులూ ఉన్నారు. తరవాత తాబేలును తీసుకున్నాడు. గోనె సంచుల మీద నీలం రంగులో అచ్చు వేయించి, “కూర్మ శ్రేణి” అని పేరు పెట్టి, విజయనగరంలో రెండు దుకాణాల్లో అమ్మకానికి పెట్టాడు. ప్రతి సంచికీ వేలాడే అట్టముక్క మీద, తాబేలు మూడు కాళ్ళూ భూత భవిష్యద్వర్తమానాలకు ప్రతీకలని రాశాడు. జారిన కత్తికి వేదాంతం దొరికింది, కత్తి పట్టిన చేతికి పేరు దొరకలేదు.

ఈ సంగతి కూర్మమ్మకు విజయనగరం సంతలో తెలిసింది. పక్క పేట మనిషి గంప దించుతూ, “గుర్తు అమ్మీసినావట గదా అప్పా. మంచి బేరమేనా?” అంది. కూర్మమ్మకు అర్థం కాలేదు. ఆ వారమే నరసింగరావు నుంచి టపా వచ్చింది. సంచి నుంచి తాబేలున్న ముక్కను చదరంగా కత్తిరించి, వెనక చిరునామా రాసి, బిళ్ళ అతికించి అలాగే పంపాడు. “ఇది నువ్వు ఇచ్చినదేనా అప్పా?” అని ఒక్క వాక్యం ఉంది.

పేటలో ఆ మాట అప్పటికే నడుస్తోంది. వేసవిలో సముద్రంపై వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ దిగే ముందు, ఎండబెట్టే ఇసుకలో ఎవరి చోట్లు ఎవరివో పెద్దలు ఖాయం చేస్తారు. కూర్మమ్మ చోటును తన కోడలికి ఇమ్మని ఒకావిడ అప్పుడే అడిగింది. అడగడంలో ఆమె తప్పు లేదు. గుర్తు బజారులో అమ్ముడవుతోంది, చట్టం చట్టమే. గుర్తు తాను అమ్మలేదని నోటితో చెబితే చాలదు. దొంగ గుర్తు పడిన సరుకును నలుగురి ఎదుట పట్టుకొని తీసుకురావాలి. తీసుకురాలేకపోతే కూర్మమ్మకు ఇసుక లేదు, గంప లేదు, రైలు లేదు.

ముందు దత్తాత్రేయకు ఫోను చేసింది. మర్యాదకు ఆమె ఇచ్చిన అవకాశం అది.

“బాబూ, నాను కూర్మమ్మని. నౌపడ కాడ పేట. నా తాబేలు మీ సంచుల మీద ఉన్నాదట.”

“నమస్కారమమ్మా. తాబేలు ఒకరిదేమిటమ్మా, స్వామి రూపం. అందరిదీ.”

“సామి తాబేలుకి నాలుగు కాళ్ళు బాబూ. మూడు కాళ్ళది నాది.”

“ఆ మూడు కాళ్ళకు చాలా లోతైన అర్థం ఉందమ్మా. అది తరతరాల జానపద...”

“లోతేటి బాబూ? కత్తి జారిపోనాది.”

దత్తాత్రేయ గొంతు ఇంకా మెత్తబడింది. “మీరే చేశారనుకుందాం. ఆధారం ఉండాలి కదా.”

“పాతికేళ్ళ నుంచి మాస్టారికి పంపినాను. పేరెట్టి పంపినాను. పెట్టెలో సూసుకోండి.”

“మీ కార్డులు పెట్టెలో లేవమ్మా. వసారాలో పెట్టించాం. ఏమీ అనుకోకండి, ఎండుచేపల వాసన. మిగతా బొమ్మలకు పడుతుందని. ఒకసారి వచ్చి తీసుకెళ్ళండి. మీకొక సంచి కానుకగా ఇస్తాను.”

“వాసనొస్తాదా బాబూ?”

“కొంచెం.”

“మంచిది,” అని ఆమె ఫోను పెట్టేసింది.

పక్కన కూర్చొని విన్న నీలవేణి ఊరుకోలేదు. “మంచిదేటే? తిట్టవలిసింది పోయి మంచిదంటావేటి?”

“తిడితే గాల్లో పోతాది. టపాలో ఎట్టాల.”

టపాలో పెట్టే దారిని దత్తాత్రేయే చూపించాడు. మాస్టారి పేర తాను జరపబోయే పెద్ద ప్రదర్శనకు ఆహ్వానాలు వేయించాడు. అలంకారం కోసం మాస్టారి చేతిరాతను కింద అచ్చొత్తించాడు. చేతిరాత అందాన్ని చూశాడు కానీ, రాసింది చదవలేదు. ఎంపిక లేదు. అమ్మకం లేదు. టపాలో వచ్చిన ప్రతిదీ గోడ మీదకు ఎక్కుతుంది. తన సంతకం పైన, తన సంస్థ ముద్ర పక్కన, మూడు మాటలూ ఉన్నాయి. పాత సభ్యుడిగా ఆహ్వానం అందుకున్న నరసింగరావు దాన్ని చేత్తో పట్టుకొని రైలెక్కి పేటకు వచ్చాడు.

“అప్పా, ఏది పంపినా ఎక్కించాలట. ఆయనే రాసుకున్నాడు. కార్డులు పంపుతావా?”

కూర్మమ్మ వాకిట్లో బోర్లించిన గంపల వైపు చూసింది. ఏళ్ళ తరబడి నెత్తళ్ళు మోసిన గంపలు. కడిగినా, ఎండబెట్టినా, సముద్రంలో ముంచి తీసినా వాసన వదలనివి. “కార్డులెందుకు తమ్మీ,” అంది.

పేట ఆడవాళ్ళు తలా ఒక పాత గంప ఇచ్చారు. చోటు అడిగిన ఆవిడ కూడా ఇచ్చింది, ఎటు తేలినా తనకు నష్టం లేదని. ప్రతి గంప అడుగునా కూర్మమ్మ తన తాబేలును కొట్టి, కింద పేరూ చిరునామా రాసింది. నరసింగరావు గోనె గుడ్డ చుట్టి కుట్టాడు. పోస్టాఫీసులో గుమస్తా ముక్కు మూసుకొని, “ఇందులో ఏమున్నాయమ్మా?” అన్నాడు.

“ఏటీ లేదు బాబూ, కాళీ గంపలు.”

“ఖాళీ గంపలు ఎవరికి?”

“విజినారంలో కళాకారులకి.”

ప్రదర్శన ఉదయం గోనె కట్లు విప్పింది చరిత. తాత నియమాలు ఆమెకు కంఠతా వచ్చు. కమిటీ వచ్చేలోగా గోడకున్న మేకులన్నిటికీ గంపలను బోర్లించి వేలాడదీసింది. అతిథులు వచ్చే వేళకు హాలంతా గాలి మారింది. పట్టుచీరల కొంగులు ముక్కులకు చేరాయి. దత్తాత్రేయ పరుగున వచ్చాడు.

“ఎవరు పెట్టారివి? తీసెయ్!”

“టపాలో వచ్చాయి మావయ్యా,” అని చరిత ఆహ్వానం చూపించింది. “వచ్చిన ప్రతిదీ ఎక్కుతుందని నువ్వే వేయించావు. అందరికీ పంపావు.”

“బుద్ధుందా నీకు? వాసన రావడం లేదూ?”

“వస్తోంది. తాతయ్య గదిలో ఎప్పుడూ వచ్చేది. నాకు అలవాటే.”

అప్పుడు కూర్మమ్మ వచ్చింది. వెంట నీలవేణి, పేట ఆడవాళ్ళు, నరసింగరావు, ఊతకర్రతో పొందూరు పద్మకుమారి ఉన్నారు. గోడ పొడవునా బల్లల మీద, దుకాణాల నుంచి తెప్పించిన కూర్మ శ్రేణి సంచులు దొంతరలుగా ఉన్నాయి. కూర్మమ్మ ఒక గంపను మేకు నుంచి దించి, అడుగున ఉన్న తాబేలును సంచి మీది తాబేలు పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళు వంగి చూశారు. అదే వంపు, అవే మూడు కాళ్ళు, ఊడిన కాలి దగ్గర కత్తి జారిన అదే గాటు. అచ్చు వేయించినవాడు గాటును కూడా దొంగిలించాడు.

“ఒక సంచి ఇత్తానన్నావు బాబూ,” అంది. “ఒకటేటి? అన్నీ నావే. గుర్తు ఎవరిదో సరుకు వాళ్ళది.” సంచుల దొంతరను ఎత్తి గంపలో వేసింది. ఆడవాళ్ళు మిగతా గంపలు దించారు.

“ఇది దోపిడీ! పోలీసులను పిలుస్తాను!” అని దత్తాత్రేయ అరిచాడు.

“పిలు బాబూ,” అంది నీలవేణి. “ఆళ్ళొచ్చి ఎవురి తాబేలని అడుగుతారు. నీ పుస్తకంలో ఎవురో తెలీదని రాసినావు. తెలీదనే సెప్పు. తెలిసినోళ్ళం మేం సెప్తాం.”

ఇక్కడ చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. కాపీరైటు చట్టం యాభై ఎనిమిదో సెక్షను ప్రకారం, హక్కుదారు అనుమతి లేకుండా చేసిన ప్రతులు హక్కుదారు ఆస్తిగానే లెక్కకు వస్తాయి. గుర్తు ఎవరిదో సరుకు వాళ్ళది అన్న మాటనే పార్లమెంటు కొంచెం పొడుగ్గా రాసింది. హక్కు ఒకరికి ఉందని తెలియదు, తెలిసే వీలూ లేదు అని రుజువు చేసుకున్నవాడికి ఆ సెక్షనులో కొంత రక్షణ ఉంది. దత్తాత్రేయకు అది లేదు. తెలిసే వీలు పిన్‌కోడుతో సహా అతని వసారాలో పడి ఉంది. ఆ సరుకును రాబట్టుకోవడానికి చట్టం కోర్టుకు వెళ్ళమంటుంది, పేట గంప పట్టుకొని వెళ్ళమంటుంది. కూర్మమ్మ కోర్టుకు వెళ్ళి ఉంటే, తీర్పు వచ్చేలోగా ఆమె ఇసుకలో ఇంకొకరి చేపలు ఎన్ని వేసవులు ఎండేవో నేను ఊహించగలను. ఆమె తొక్కిన దారి సెక్షనులో లేదని నాకు తెలుసు. దానికి నేను చింతించడం లేదు. దత్తాత్రేయ ఫిర్యాదు ఇవ్వలేదు. ఇవ్వాలంటే తాబేలు ఎవరిదో రాసి, కింద సంతకం పెట్టాలి.

ఆ సంచులు ఇప్పుడు పేటలో ఉన్నాయి. కూర్మమ్మ వాటిలో కవళ్ళు, నెత్తళ్ళు నింపి, ఇసుకలో తన చోటులోనే వరసగా పేర్చింది. పడవలు దిగే ముందు పెద్దలు వచ్చి చూశారు, సంచి మీది తాబేలును చూశారు, చోటు ఆమెదేనని ఖాయం చేసి పక్క చోటుకు నడిచారు. చోటు అడిగిన ఆవిడ తన గంప తిరిగి ఇమ్మంది. “ఇంద, తీస్కో. వాసన పోలేదు, బెంగెట్టుకోకు,” అని కూర్మమ్మ ఇచ్చింది. ఒకప్పుడు విజయనగరం దుకాణాల్లో అద్దాల వెనక వేలాడిన ఆ గోనె, ఇప్పుడు ఏ అద్దం వెనకా నిలవనంత గాఢంగా చేపల వాసన పట్టింది. భూత భవిష్యద్వర్తమానాల అట్టముక్కలను అసిరయ్య పొయ్యి రాజేయడానికి వాడాడు.

అంతటితో చాలునని అసిరయ్యే అన్నాడు. “సరుకొచ్చింది, సోటొచ్చింది. ఇంకేటి కావాలే?”

“పేరు రాలేదు,” అంది కూర్మమ్మ.

రెండో చెప్పును ఆమె పారేయలేదు. మాస్టారు చెప్పినప్పటి నుంచి చూరులో దాచింది. దాన్ని దించి, ఆనాడు ఊడిపోయిన నాలుగో కాలును ఒక్కదాన్నే ఇన్నాళ్ళకు అందులో కోసింది. కార్డు మీద మొదట తాబేలును కొట్టి, ఖాళీలో కాలును కొట్టి, పక్కన తన పేరూ చిరునామా పెద్ద అక్షరాల్లో రాసి, దత్తాత్రేయ ఇంటికి పంపింది. వేరే మాట లేదు. తిట్టు లేదు. కవరు కూడా లేదు. కార్డు కాబట్టి, తపాలా సంచి మోసేవాడి నుంచి గుమ్మంలో అందించేవాడి దాకా దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. నరసింగరావు కూడా అలాంటి కార్డే పంపాడు, గోనె పీచు కాలుతో, కూర్మమ్మ పేరుతో. పద్మకుమారి పంపింది. చరిత ఫోనులో ఒక మాట పెట్టగానే, బిళ్ళ అతికించడం కొత్తగా నేర్చిన పిల్లలందరూ పంపారు. పోలండు నుంచి ప్లాస్టరు కాలు వచ్చింది. ఇంకా వస్తూనే ఉన్నాయి.

చరిత చెప్పిన సంగతి ఒకటి మిగిలింది. మొన్న ఆమె దత్తాత్రేయ ఇంట ఉన్నప్పుడు పోస్టుమాన్ గేటు దగ్గర నిలబడి, చేతిలో కార్డులు సర్దుకుంటూ, పక్కింటివాళ్ళూ ఎదుటి కొట్టువాడూ వినేట్టు అడిగాడు.

“సారూ, రోజూ ఈవిడ పేరుతోనే వస్తన్నాయి. ఎవరండీ ఈ కూర్మమ్మ?”

దత్తాత్రేయ వీధి వైపు చూశాడు. కార్డులు అందుకున్నాడు. తెలియదని అనడానికి ఇప్పుడు వీల్లేదు. ప్రతి కార్డు మీదా ఆమె పేరు ఉంది.

“తాబేలు బొమ్మ ఆవిడదయ్యా,” అన్నాడు చివరకు.

“ఆఁ? వినపడలేదండీ.”

అతను మళ్ళీ చెప్పవలసి వచ్చింది.